ఆరు, ఏడు తరగతుల పిల్లలతో సొంతంగా బాణీ కట్టించాలి, కంప్యూటర్ ల్యాబ్ ఇస్తామన్నారు, ఎక్కణ్నించి మొదలుపెట్టాలి?

శ్రుతిపెట్టె అడిగారు:

నమస్తే అందరికీ. ఉప్పల్ వైపు ఒక ప్రైవేట్ స్కూల్లో మ్యూజిక్ టీచర్‌ని. కర్ణాటక గాత్రం, రామ్‌కోటి త్యాగరాజ కాలేజీలో డిప్లొమా. ఇన్నాళ్లూ స్కూల్లో చేయిస్తున్నది ఏంటంటే ప్రేయర్ పాటలు, ఆగస్టు పదిహేను పాటలు, యాన్యువల్ డేకి ఒక గ్రూప్ సాంగ్, అంతే. పిల్లలు బాగానే పాడతారు, కానీ ఎప్పుడూ ఎవరో కట్టిన పాటే. డ్రాయింగ్‌లో సొంతంగా బొమ్మ వేస్తారు, తెలుగులో సొంతంగా కథ రాస్తారు, మ్యూజిక్ పీరియడ్‌లో మాత్రం తనదంటూ నాలుగు స్వరాలు పేర్చిన పిల్లాడు ఒక్కడూ లేడు.

ఈ ఏడాది వారానికి ఒక పీరియడ్ కంప్యూటర్ ల్యాబ్ ఇస్తామన్నారు. 40 నిమిషాలు, అందులో లైను కట్టించి తీసుకెళ్లడానికే ఐదు నిమిషాలు పోతాయి. పాత విండోస్ డెస్క్‌టాప్‌లు, ఒక్కోదానికి ఇద్దరు ముగ్గురు. నెట్ ఉంది, కానీ ఏదైనా ఇన్‌స్టాల్ చేయాలంటే సిస్టమ్స్ సార్‌ని బతిమాలుకోవాలి. హెడ్‌ఫోన్లు లేవు. ఐప్యాడ్లు, గ్యారేజ్‌బ్యాండ్ మాత్రం చెప్పకండి ప్లీజ్, అంత బడ్జెట్ లేదు.

పిల్లలకి నొటేషన్ రాదు, సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ స్వరాలు కూడా సగం మందికి రావు. అవి వచ్చేదాకా ఆగాలా? గళ్లు నొక్కితే మోగే వెబ్‌సైట్లు కొన్ని చూశాను, బాగానే ఉన్నాయి కానీ అన్ని గళ్లూ నింపేసి గోల గోల చేస్తారేమో అనిపిస్తోంది. పైగా ప్రిన్సిపల్ మేడం అప్పుడే "చివరికి పేరెంట్స్‌కి ఏం చూపిస్తారు?" అని అడిగేశారు, ఆ టెన్షన్ ఒకటి. ఇలాంటిది ఎవరైనా నిజంగా క్లాసులో చేయించి ఉంటే చెప్పండి.

గళ్లనోట్‌బుక్:

మేడం, ఆగొద్దు. సరళీ వరసలు అందరికీ వచ్చాకే అంటే ఆ పిల్లలు టెన్త్ దాటి వెళ్లిపోతారు. నేను కూకట్‌పల్లిలో కంప్యూటర్స్ చెప్తాను, సంగీతం నాకు అంతంత మాత్రం, మా మ్యూజిక్ మేడంతో కలిసి ఇదే చేయిస్తున్నాం.

మీ ల్యాబ్‌కి క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్‌లోని సాంగ్ మేకర్ సరిపోతుంది. గూగుల్‌ది, ల్యాబ్ 2016లో వచ్చింది, అందులో సాంగ్ మేకర్‌ని 2018లో కలిపారు. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, లాగిన్ అడగదు కాబట్టి పిల్లల మెయిల్ ఐడీల తలనొప్పి లేదు. అడ్డంగా కాలం, నిలువుగా స్వరం, కింద రెండు వరసలు తాళానికి. గడి నొక్కితే మోగుతుంది, అంతే విద్య.

గోల గురించి మీరన్నది కరెక్టే. తెరిచింది తెరిచినట్టు ఇచ్చేస్తే మొదటి పీరియడ్ అంతా బొమ్మలు గీస్తారు, గుండె గుర్తు, సొంత పేరు. మా వాడొకడు ఇంగ్లీష్ అక్షరాల్లో ఎస్ఆర్‌హెచ్ అని గీసి ప్లే కొట్టాడు. నిలువు గీతల దగ్గర స్వరాలన్నీ ఒక్కసారే ధభీమని మోగాయి, హెచ్ మధ్యలో అడ్డగీత దగ్గర మాత్రం ఒకే స్వరం టక్ టక్‌మని వరసగా వచ్చింది. "సార్, ఆ ముక్క బాగుంది" అన్నాడు. ఆ ముక్క ఉంచి మిగతాదంతా చెరిపెయ్యమన్నాం, వాడి పాట అక్కణ్నించి పుట్టింది. అందుకే ఫస్ట్ పీరియడ్‌ని గోలకే వదిలేయండి, ఆ సరదా తీరనివ్వండి.

రెండో పీరియడ్ నుంచి సెట్టింగ్స్ బిగించండి. స్కేల్ పెంటాటోనిక్ (ఐదు స్వరాలే ఉంటాయి), రేంజ్ ఒక్క ఆక్టేవ్ (కింది స నుంచి పై స దాకా), పొడవు రెండు బార్లు (తాళం రెండు చుట్లు అనుకోండి). నిలువు వరసకి ఒక్క గడే నొక్కాలి, కొన్ని వరసలు ఖాళీగా వదలాలి, ఈ రెండే రూల్స్. ఖాళీ వదలడం దగ్గర పిల్లలకి ప్రాణం పోతుంది, కానీ ఊపిరి తీసుకోవడానికి చోటుంటేనే అది పాటలా వినిపిస్తుందని వాళ్లే కనుక్కుంటారు. ఇంకొకటి, సేవ్ కొడితే ఒక లింక్ వస్తుంది. అది దాచుకోకపోతే పాట పోయినట్టే, మళ్లీ దొరకదు. ఒక షేర్డ్ డాక్యుమెంట్ పెట్టి ఏ జంట లింక్ వాళ్ల పేరు పక్కన పేస్ట్ చేయించండి. అదే సేవ్ దగ్గర వేవ్ ఫైల్‌గా, మిడి ఫైల్‌గా కూడా దించుకోవచ్చు.

మధ్యమకాలం:

అందరూ ఆ గళ్ల బాటే పట్టే ముందు ఒక మాట. ఆ గళ్లు పియానో మెట్ల లాంటివి. గడికి గడికి మధ్య ఏమీ లేదు. మన సంగీతంలో సగం ఆ మధ్యలోనే ఉంది కదండీ, గమకం (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పాడటం) లేని తోడి రాగాన్ని తోడి అని ఎవరంటారు? స్వరం అంటే బటన్ అనే అలవాటు పన్నెండేళ్లకి పడిపోతే తర్వాత ఎవరు వదిలిస్తారు? నేను టెక్నాలజీకి వ్యతిరేకం కాదు, ఫోన్లో తంబూరా యాప్ లేకుండా సాధనకి కూర్చోను. కానీ శ్రుతిపెట్టె గారూ, మీరు గాత్రం నేర్చుకున్నవారు, మీ చేతిలో కల్పనస్వరం ఉంది, అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడటం. తాళం వేస్తూ సగం ఆవర్తనం (తాళం ఒక చుట్టులో సగం) మీరు పాడండి, మిగతా సగం పిల్లని పూర్తి చేయమనండి. తప్పో ఒప్పో ఆ సగం దానిదే. దీనికి ల్యాబ్ ఎందుకు, కరెంటు కూడా అక్కర్లేదు.

సర్కారుబడి_సార్:

మధ్యమకాలం గారు చెప్పిన సగం ఆవర్తనం ఐడియా మస్తుంది, రేపే మా క్లాసులో చేయిస్తా. నాది మల్కాజిగిరి దగ్గర గవర్నమెంట్ హైస్కూల్. మ్యూజిక్ టీచర్ పోస్టే లేదు, నేను చెప్పేది సోషల్, పాటలంటే ఇష్టమని ఈ పని మీదేసుకున్నా. ల్యాబ్ సంగతి వదిలేయండి, క్లాసుకి ఒక పెద్ద టచ్ ప్యానెల్, నా ఫోను, అంతే మా టెక్నాలజీ.

నేను స్వరాల జోలికే పోలేదు, తాళంతో మొదలుపెట్టిన. సాంగ్ మేకర్‌లో పైన గళ్లన్నీ ఖాళీగా ఉంచి కింద రెండు వరసలే వాడాలి. ఒక వరస అరచేత్తో బెంచీ మీద, ఇంకో వరస వేళ్లతో. ఒక గ్రూపు ప్యానెల్ మీద గళ్లు పెడుతుంది, మిగతా క్లాసంతా దాన్ని చూసి బెంచీల మీద వాయిస్తుంది. ముందు వాయించి తర్వాత గళ్లు పెట్టడం కూడా చేయిస్తా, అది ఇంకా కష్టం, అందులోనే ఎక్కువ నేర్చుకుంటున్నరు. బార్‌కి ఎన్ని బీట్లు అన్న చోట నాలుగు తీసేసి ఏడు పెట్టి చూడండి, తకిట తకధిమి. బోనాల ఊరేగింపుల్లో, బరాత్‌లలో మర్ఫా దెబ్బలు విని పెరిగిన పోరగాళ్లకి ఇది చెప్పాల్సిన పనే లేదు, చదువులో చివరి బెంచీ వాళ్లు ఇక్కడ లీడర్లు అయిండ్రు.

బాణీ సంగతికొస్తే బతుకమ్మ పాటని వాడుకున్నం. ఒకరు లైను అందిస్తే అందరూ చివర ఉయ్యాలో అనో చందమామ అనో అందుకుంటరు కదా, ఆ అందుకునే ముక్కని కదిలించొద్దన్న. ముందు లైనుకి మాటలు, వరస రెండూ వాళ్లవే కట్టాలి. మా ఆడపిల్లలు మధ్యాహ్న భోజనంలో కోడిగుడ్డు మీద ఒకటి కట్టిండ్రు, హెచ్‌ఎం సార్ వినలేదు కాబట్టి బతికిపోయిన. దాన్ని ఫోన్లో రికార్డు చేసి మళ్లీ వినిపిస్తే "సార్, రెండో లైను కూడా మొదటి దాని లెక్కనే పోతున్నది, మారుద్దాం" అని వాళ్లే అన్నరు. పాడేటప్పుడు వినబడనిది విన్నప్పుడు వినబడ్డది. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద టెక్నాలజీ ఆ ఫోన్ రికార్డరే.

ఆరోశ్రుతి:

మధ్యమకాలం గారూ, గళ్లలో తోడి రాదు, ఒప్పుకుంటాను. అయితే ఆరో తరగతిలో తోడి ఎవరూ కట్టరు కూడా. ఆ పెంటాటోనిక్ అన్నది సి నుంచి పెడితే స రి గ ప ద, అంటే మన మోహన రాగం స్వరాలే. అందులో ఏ గడి నొక్కినా మరీ అపస్వరంలా వినిపించదు కాబట్టే చిన్నపిల్లలకి అది ఇస్తారు.

గళ్లతోనే మన సంగీతం వైపు లాగే దారి ఒకటుంది. పిల్లల ట్యూన్ లూప్‌లో మోగుతుండగా ఫోన్లో తంబూరాని ఒకటి శ్రుతిలో (అంటే సిలో) పెట్టండి. కాసేపు విన్నాక, గళ్లలో ఒక్కటి కూడా మార్చకుండా, తంబూరాని రెండు శ్రుతికి (డికి) మార్చండి. ఇందాక రిషభంగా ఉన్నది ఇప్పుడు షడ్జం, చెవికి మధ్యమావతి రాగం తగులుతుంది. ఆరు శ్రుతికి (ఏకి) మార్చితే శుద్ధ ధన్యాసి రాగం. ఇలా షడ్జం మార్చి వేరే రాగం తెప్పించడాన్ని గ్రహభేదం అంటారు, ఆ పేరు ఎత్తక్కర్లేదు, "ఇప్పుడు పాట ఇంటికొచ్చినట్టుందా, బయటే నిలబడ్డట్టుందా?" అని అడగండి చాలు. చివరి గడి మార్చుకుంటాం అని వాళ్లంతట వాళ్లే మౌస్ లాక్కుంటారు. ఏ స్వరం మీద ఆపాలో చెవితో తేల్చుకోవడం కన్నా కంపోజిషన్‌లో మొదటి పాఠం ఏముంటుంది చెప్పండి.

గమకం సంగతికి వేరే ఉపాయం. అమెరికాలో ఎమ్ఐటీలో జీన్ బాంబర్గర్ అనే ఆవిడ పిల్లలు పాటని ఎలా వింటారో చాలా ఏళ్లు గమనించారు. పిల్లల చెవికి పాట విడి స్వరాలుగా కాదు, ముక్కలుగా అందుతుంది, కాబట్టి స్వరాలు ఇవ్వకుండా చిన్న చిన్న స్వర ముక్కలు బ్లాకులుగా ఇచ్చి వాటిని అమర్చమనాలి అన్నది ఆవిడ పద్ధతి. ముందు తెలిసిన పాటని ఆ ముక్కలతో తిరిగి కట్టడం, తర్వాత అవే ముక్కలతో కొత్త పాట. దీన్ని మీరు స్క్రాచ్‌లో చేయించొచ్చు, పిల్లలు బ్లాకులు పేర్చి ప్రోగ్రాములు కట్టే సాఫ్ట్‌వేర్, అది కూడా ఎమ్ఐటీలో పుట్టిందే, 2007 నుంచి ఉంది, బ్రౌజర్‌లో నడుస్తుంది, నెట్ లేకపోతే ఆఫ్‌లైన్ వెర్షన్ ఉంది. మీరో, బాగా పాడే పిల్లో ఐదారు ముక్కలు పాడి స్క్రాచ్ సౌండ్స్‌లో రికార్డు చేయండి, గమకాలతో సహా. "ప్లే సౌండ్ అన్‌టిల్ డన్" బ్లాకులో ఒక్కో ముక్క పెట్టండి. పిల్లలు బ్లాకుల్ని పైకీ కిందికీ లాగుతూ వరస మారుస్తారు, రిపీట్ బ్లాకులో వేసి పల్లవిని మళ్లీ మళ్లీ తెప్పిస్తారు. స్వరం గొంతులోనే ఉంటుంది, కంప్యూటర్ చేసేదల్లా ముక్కల్ని కదపడం.

మధ్యమకాలం:

ఇది నాకు నచ్చింది. ముక్కలన్నీ ఒకే శ్రుతిలో, ఒకే కాలప్రమాణంలో (వేగంలో) ఉండకపోతే మాత్రం అతుకుల దగ్గర కుంటుతుంది. ఎత్తుగడ కూడా చూసుకోండి, ఒక ముక్క సమంలో (తాళం మొదటి దెబ్బతో పాటే) మొదలై ఇంకోటి అనాగతంలో (తాళం మొదలయ్యాక) మొదలైతే పిల్లలు ఎంత జరిపినా కుదరదు. మొదట్లో అన్నీ సమంలోనే పెట్టండి.

కోఠి_సౌండ్:

రికార్డింగ్ నా ఫీల్డ్ కాబట్టి దూరుతున్నా. పైన చెప్పినదానికి లెక్క ఇది: మెట్రోనోమ్ (నిమిషానికి ఇన్ని దెబ్బలని లెక్కగా కొట్టేది) 80లో పెడితే ఆదితాళం ఎనిమిది అక్షరాలకి సరిగ్గా 6 సెకన్లు. పాడే మనిషి చెవిలో తంబూరా, మెట్రోనోమ్ రెండూ వినబడాలి, మైక్‌లోకి మాత్రం పోకూడదు. తర్వాత ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ముక్కనీ కచ్చితంగా 6 సెకన్లకి కట్ చేయండి. పాట నాలుగున్నర సెకన్లకే అయిపోయినా చివరి ఖాళీని కోసేయొద్దు, ఆ ఖాళీ తాళంలో భాగం. ఆడాసిటీ ఫ్రీ, పాత మెషీన్లలో కూడా లాగుతుంది, మీ ఒక్క ల్యాప్‌టాప్‌లో ఉంటే చాలు, ల్యాబంతా అక్కర్లేదు.

బ్లూటూత్ జోలికి మాత్రం పోవద్దు. స్పీకరైనా ఇయర్‌బడ్స్ అయినా సౌండ్ లేటుగా వస్తుంది, పాట వినడానికి తెలియదు గానీ దాంతో పాటు పాడి రికార్డు చేస్తే దొరికిపోతారు. 200 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే 120 టెంపోలో దాదాపు అర బీటు. పిల్లాడు తాళంలోనే పాడతాడు, రికార్డింగ్‌లో తాళం తప్పినట్టు వస్తుంది, మీరు వాణ్ని తిడతారు. వైరు ఉన్న ఇయర్‌ఫోన్స్ కొనండి, కోఠి గుజరాతీ గల్లీలో హోల్‌సేల్‌గా తీసుకుంటే చవక, ఒక మెషీన్‌కి ఇద్దరు వినేలా స్ప్లిటర్లు కూడా అక్కడే దొరుకుతాయి. డజను తీసుకుంటే రెండు పనిచేయవు, షాపులోనే ఫోన్‌కి పెట్టి చూసుకోండి.

టెన్షన్_డాడీ:

నేను పేరెంట్‌ని, టీచర్‌ని కాదు. మా పాప ఎనిమిదో తరగతి. సునో అనే ఏఐ పాటల యాప్‌లో నాలుగు మాటలు టైప్ చేసింది, నిమిషంలో సింగర్, కోరస్, గిటార్‌తో ఫుల్ సాంగ్ వచ్చేసింది, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో "పాప కంపోజ్ చేసింది" అని మా అమ్మ అందరికీ పంపేసింది కూడా. ఇంత సులువుగా అయిపోతుంటే ఈ గళ్లు, ముక్కలు అని పిల్లల్ని కూర్చోబెట్టడం ఎందుకండీ? వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నా.

ఆరోశ్రుతి:

సార్, ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఆ పాటలో రెండో లైను చివర స్వరం కిందికి దిగింది అనుకుందాం. "పైకి వెళ్తే ఎలా ఉండేది? ఎందుకు దించావు?" అని పాపని అడగండి. "ఏమో, అలా వచ్చింది" అంటే అది యాప్ కట్టిన పాట. "అక్కడ దిగులుగా ఉండాలి డాడీ, అందుకే" అంటే పాప పాటే, దేంతో కట్టినా సరే. నిర్ణయం ఎవరిది అన్నదే నాకు లెక్క. ఏఐని క్లాసులోంచి తరిమేయమని అనను, అది ఇచ్చిన పాట వినిపించి ఎక్కడ బోర్ కొట్టింది, నువ్వైతే ఏం మారుస్తావు అని అడిగితే ఒక పీరియడ్ బ్రహ్మాండంగా నడుస్తుంది. కానీ అది మొదటి నెలలో వద్దు. మొదట్లోనే తళతళలాడే పాట వినేస్తే తను కట్టిన ఎనిమిది స్వరాలు వాడికి చప్పగా అనిపిస్తాయి.

టెన్షన్_డాడీ:

అడిగాను. "ఏమో" అంది. తర్వాత పది నిమిషాలు అలిగింది. ఇప్పుడు ఆ సాంగ్ మేకర్ ఏదో చూపించమంటోంది.

శ్రుతిపెట్టె:

ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. నేను అనుకుంటున్నది ఇది. మొదటి నెల ల్యాబ్‌కి తీసుకెళ్లను, క్లాసులోనే బెంచీ తాళాలు, సగం ఆవర్తనం పూర్తి చేయడం, ఫోన్లో రికార్డు చేసి వినిపించడం. తర్వాత గళ్లు, ఆ తంబూరా మార్చే పద్ధతితో. స్క్రాచ్ ముక్కలు దసరా సెలవుల తర్వాత, ఈలోపు మా సిస్టమ్స్ సార్‌కి స్వీట్లు ఇచ్చి మచ్చిక చేసుకుంటాను.

రెండు సందేహాలు మిగిలాయి. మార్కులు వేయమంటున్నారు, పాటకి మార్కులు ఎలా వేస్తాం? రెండోది ప్రిన్సిపల్ మేడం ప్రశ్న, అది అలాగే ఉంది.

గళ్లనోట్‌బుక్:

పాటకి వేయకండి. మొదటి లింక్, చివరి లింక్ రెండూ ఉంచమనండి, మధ్యలో ఏం మార్చావు, ఎందుకు మార్చావు అన్నది మూడు లైన్లు రాయమనండి, దానికి వేయండి. ట్యూన్ మామూలుగా ఉన్నా "రెండో బార్‌లో గడి తీసేశాం, అక్కడ ఊపిరి అందట్లేదు" అని రాసిన పిల్లకి నేను ఫుల్ మార్కులు వేస్తాను.

ప్రిన్సిపల్ గారికి చెప్పడానికి ఒక పాయింట్: ఇంగ్లండ్‌లో మన టెన్త్ లాంటి జీసీఎస్ఈ పరీక్షలు 1988లో మొదలైనప్పటి నుంచి మ్యూజిక్ తీసుకున్న పిల్లలకి పాడటం, వినడంతో పాటు సొంతంగా కంపోజ్ చేయడం కూడా ఉంది. ఫారిన్ అంటే మేనేజ్‌మెంట్లు వింటాయి, మనకెందుకు మొహమాటం. ఇక చూపించడానికైతే, పిల్లల ట్యూన్లలో ఒకదాన్ని వేవ్ ఫైల్‌గా దించి నెలకొకటి చొప్పున అసెంబ్లీ బెల్‌గా మైకులో వేయించండి. మా దగ్గర ఇది పెట్టాక "ఈ నెల బెల్ మా అబ్బాయిది" అని పేరెంట్స్ స్టేటస్‌లు పెట్టుకుంటున్నారు, యాన్యువల్ డేలో ఏం చూపిస్తారని ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

కోఠి_సౌండ్:

బెల్‌కి వేసేటప్పుడు సాంగ్ మేకర్‌లోని మారింబా (చెక్క పలకల వాద్యం) సౌండే ఉంచండి, స్ట్రింగ్స్ పెడితే స్కూల్ హారన్ స్పీకర్లలో ఏడుపులా వస్తుంది. ఇంకో సంగతి మర్చిపోయా, పాత డెస్క్‌టాప్‌లకి మైక్ హోల్, స్పీకర్ హోల్ వేరు వేరుగా ఉంటాయి. ఫోన్ ఇయర్‌ఫోన్స్ నేరుగా గుచ్చితే వినబడుతుంది కానీ దాని మైక్ పనిచేయదు. స్ప్లిటర్లతో పాటు మైక్‌ని, ఇయర్‌ఫోన్‌ని విడదీసే వై-కేబుల్ అని అడగండి, రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, షాపువాడు ఏది చేతికొస్తే అది ఇచ్చేస్తాడు. రికార్డు చేసే మెషీన్‌కి ఒకటి చాలు.